మాడు వాసన

గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పోతుందని రాజమండ్రి డాక్టరుగారు ముందే చెప్పారు. ఏళ్ళ తరబడి బడిలో అరిచిన గొంతు, పోతే పోయిందిలే, ప్రాణం దక్కితే చాలనుకున్నాను. వాసన కూడా పోతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, నేను వినిపించుకోలేదు. ఇప్పుడు ఊపిరంతా మెడకు పెట్టిన కన్నంలోంచే. ముక్కులోకి గాలి వెళ్ళదు, గాలి లేనిదే వాసన లేదు. ఇక ముక్కెందుకయ్యా అంటే, కళ్ళజోడు నిలబడటానికి.

అన్నం మట్టిలా ఉండేది. గోంగూరా అంతే, గుమ్మడికాయ పులుసూ అంతే. రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాణ్ణి. చిక్కి సగమయ్యాను. మా ఆవిడ ఊరుకునేది కాదు. ఇంగువ డబ్బా ఒకసారి, కాఫీపొడి ఒకసారి తెచ్చి నా ముక్కు కింద పెట్టేది.

"ఏమైనా తెలుస్తోందాండి?"

నేను తల అడ్డంగా ఊపితే మూత పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆ ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఎవరి మీదో తెలియదు.

చెకప్‌కి వెళ్ళినప్పుడు నర్సమ్మ ఒక ఉపాయం చెప్పింది. "నలుగురిలో ఆవులింత వస్తే పెదాలు మూసుకుని దాచుకుంటాం కదండి, అలా చెయ్యండి. దవడ కిందికి దించితే ముక్కులోకి కాస్త గాలి లాగుతుంది."

ఈ వయసులో ఆవులించడం నేర్చుకోవాల్సి వచ్చింది, ఖర్మ. పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని దవడ ఆడిస్తుంటే, నేనేదో నములుతున్నానని దారిన పోయేవాళ్ళు అనుకునేవారు. వాసన జాడే లేదు.

శ్రావణమాసంలో మా ఆవిడ ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. నేను బతికి బయటపడితే చేయిస్తానని ఆపరేషన్ రోజున మొక్కుకుందట. పురోహితుడుగారు హాల్లో మండపం కడుతున్నారు. ఆవిడ మడి కట్టుకుని గోధుమనూక ప్రసాదం వండుతోంది. మా ఇంట్లో స్వామికి వండేది రుచి చూడటమే కాదు, వాసన చూసినా ఎంగిలి కిందే లెక్క. పెళ్ళైన కొత్తలో పరమాన్నం దగ్గర గట్టిగా ఊపిరి పీల్చానని గిన్నెడూ ఆవుకు పెట్టించింది. ఇప్పుడా భయం లేదు కనుక, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకోనిచ్చింది.

మామిడాకులెక్కడని హాల్లోంచి అడిగితే ఆవిడ అటు వెళ్ళింది. నేను అలవాటుగా దవడ దించాను. ఏదో తగిలింది. మళ్ళీ దించాను. నెయ్యి, యాలకులు, వాటి వెనకాలే బెల్లం మాడుతున్న వాసన. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. అరుద్దామంటే గొంతేదీ? మడి వంట, నేను పొయ్యి ముట్టుకోకూడదు. పక్కనున్న చెంబు తీసి గుమ్మానికేసి ఠంగుఠంగున కొట్టాను.

ఆవిడ పరుగున వచ్చి స్టవ్ కట్టేసి, గరిటెతో అడుగు కదిపి చూసింది. అప్పుడే నల్లబడుతోంది.

"పొగైనా రాలేదు. మీకెలా తెలిసిందండి?" అంది.

నేను ముక్కు తాకి చూపించాను.

ఆవిడ అక్కడే కూలబడి, కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది.

"ప్రసాదం అయిందాండి? నైవేద్యం వేళ దాటిపోతోంది," అన్నారు పురోహితుడుగారు హాల్లోంచి.

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. మూకుడు దించి తెచ్చి నా ముక్కు కింద పట్టుకుంది.

"ఇది మావారు వాసన చూస్తున్నారండి," అని లోపలినుంచే గట్టిగా చెప్పింది. "స్వామికి మళ్ళీ వండుతాను. ఆయన్ని కాసేపు ఆగమనండి."