ఫ్లాటెన్ కొట్టిన మెట్లు

అనకాపల్లిలో హైవే పక్క ఇనుప పనుల షెడ్డులో నా మొదటి ఉద్యోగం. రెండువేల ఆరో, ఏడో. కంప్యూటర్లో డ్రాయింగులు గీసే క్యాడ్ వచ్చునన్న పొగరు నెత్తికెక్కి ఉన్న పిల్లని. పరవాడ కంపెనీ నుంచి ఒక ట్యాంకు మెట్ల డ్రాయింగు త్రీడీలో వచ్చింది. షెడ్డులో త్రీడీ చదివేవాళ్లు లేరు. దాన్ని ఫ్లాటెన్ అనే కమాండుతో కాగితం బొమ్మలా చదును చేసి, కొలతలు వేసి, ప్రింటు ఇవ్వడం నా పని.

ఇనుము కోసే మేస్త్రీ మా చర్చిలో ఆదివారం వాక్యం చదివే పెద్దాయన. ఏ పనైనా ముందు సుద్దతో నేలమీద అసలు సైజులో గీసుకుని, దానిమీద ఇనుము పెట్టి చూశాకే కోసేవాడు. ఆ రోజూ గీయబోతుంటే నాకు నవ్వొచ్చింది.

"కంప్యూటరిచ్చిన కొలత మావయ్యా. మళ్లీ ముగ్గులెందుకు?" అన్నాను.

ఆయన సుద్ద జేబులో వేసుకున్నాడు. "సరేనమ్మా, నువ్వు సెప్పినట్టే కోసేత్తాను."

మెట్లు బిగించే రోజు అందరం పరవాడ వెళ్లాం. కింది కొస నేలకి ఆనిస్తే పై కొస ట్యాంకు అంచుకి అందలేదు. మీటరు తక్కువ! పైనుంచి చూసే వ్యూలో పెట్టి ఫ్లాటెన్ కొట్టేశాను కదా. ఏటవాలు మెట్లు పైనుంచి చూస్తే పొట్టిగానే కనబడతాయి. మెట్లని రెండు పక్కలా మోసే ఐదు మీటర్ల ఇనుప చానెల్ నాలుగైంది. ఆ నాలుగే ప్రింటు మీద వేశాను.

"ఎవరిదిరా ఈ కొలత?" యజమాని అరిచాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"కాయితం సరిగ్గానే ఉంది బాబూ. నేనే తప్పు సదివేను," అన్నాడు మేస్త్రీ.

నిర్ఘాంతపోయాను. వాక్యం చదివే ఆ నోటితో అబద్ధం! అదీ అంతమంది ముందు. "కళ్లు పోయాయా? రేపట్నుంచి కోత ముట్టుకోకు, గ్రైండింగు చూసుకో," అని యజమాని తిడుతుంటే తలొంచుకుని నిలబడ్డాడు. ఇప్పుడు చెప్పేస్తాను, ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంటూనే, చేతిలో ప్రింటు మాత్రం అంకె కనబడకుండా మడతపెట్టాను. నా చేతులు ఆ పని చేస్తుంటే నాకే నమ్మకం కలగలేదు.

తిరుగు బస్సులో ఏడుస్తూ అడిగాను, ఎందుకలా అన్నారని.

"అందరి ముందు బయపడిపోయేవు కదమ్మా. రేపు నిమ్మళంగా నువ్వే సెప్దువుగాని," అన్నాడు.

ఆ షెడ్డులో ఇంకా రెండేళ్లు పనిచేశాను. ఆయన గ్రైండింగులోనే ఉండిపోయాడు.