సాగనంపని పాట

నాకు భయం పుట్టుకతోనే వచ్చింది. బస్సెక్కితే తప్పు బస్సేమోనని, ఇల్లు దాటితే తాళం వేశానో లేదోనని. మా ఆయన నన్ను "నడిచే బెంగ" అనేవాడు. అలాంటిదాన్ని ఎవరో ముక్కూ మొహం తెలియని దేశాలవాళ్లకు ఉత్తరాలు రాయాల్సిన పనిలోకి దిగాను. చేజేతులా తెచ్చుకున్నదే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

రెండు వేల తొమ్మిదిలో నేను మిర్యాలగూడలో ఒక జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు మీద తెలుగు చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం కోదాడలో కాబట్టి కాపురం అక్కడ. పుట్టిల్లు సూర్యాపేట పక్కన ఆత్మకూరు. మాది తరాలుగా గొర్లు కాసుకునే ఇల్లు. మా నాన్నకు అన్న, అంటే మా పెద్దనాయన, మంద కాస్తూనే దేవుడి కొలుపుల్లో పాట చెప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో మావాళ్లు ఎవరు కొలుపు పెట్టుకున్నా ఆయన గొంతు లేనిదే మొదలయ్యేది కాదు. ఆయన పాటల మీదే నేను పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నాను. గడువు ఒకసారి పొడిగించారు. ఇంకోసారి పొడిగించరని ముందే చెప్పారు. పట్టా లేకపోతే కాంట్రాక్టు కొలువు ఏ జూన్‌లోనైనా ఊడుతుంది. ఆ బెంగతో రోజూ కోదాడ నుంచి మిర్యాలగూడకు బస్సులో కిటికీ పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కునేదాన్ని.

మా గైడు నేను రాసిందంతా తిరగేసి, "బాగానే పోగేశావమ్మా. కానీ లోకంలో గొర్రెలు కాసేది మీవాళ్లొక్కరేనా? మిగతా దేశాల కాపరులు ఏం పాడతారో ఒక అధ్యాయం కావాలి. ఇంటర్నెట్‌లో చూడు, అంతా ఉంది" అన్నారు. ఆ "అంతా ఉంది" అన్న మాట విన్నాక నాకు వారం రోజులు సరిగ్గా అన్నం సహించలేదు.

సూర్యాపేటలో ఒక లైబ్రరీకి వెళ్లి ప్రపంచ సంగీతం మీద ఏమైనా ఉందా అని అడిగితే, కర్ణాటక సంగీతం మొదటి పాఠాల పుస్తకం చేతిలో పెట్టారు. మిర్యాలగూడలో నెట్ సెంటర్‌కు వెళ్లి, ప్లైవుడ్ గదిలో కూర్చుని, గొర్రెలు, పాటలు అని ఇంగ్లిషులో కొట్టాను. పిల్లల పాటలు వచ్చాయి, ఎగిరే గొర్రెపిల్ల బొమ్మలు వచ్చాయి, రింగ్‌టోన్లు వచ్చాయి. ఇంకోటేదో నొక్కేలోపు కరెంటు పోయింది. అలా రెండు నెలలు.

దారి చూపించింది కోదాడ బస్టాండు వెనక నెట్ సెంటర్ నడిపే ఆవిడ. జగ్గయ్యపేట వైపు మనిషి, పూర్వం ఏదో కాలేజీ లైబ్రరీలో పనిచేసిందట. నా వెనక నిలబడి కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అంది: "మేడమ్ గారూ, మీరలా కొడితే ఎన్నేళ్లకైనా పిల్లల పాటలే వస్తాయండి. ఈ చదువుకంటూ ఓ పేరుంటుంది కదా? ముందు అది పట్టుకోండి."

పేరు పట్టుకోవడానికే ఒక ఆదివారం పట్టింది. ఎత్నోమ్యూజికాలజీ. మనుషులు ఎందుకు పాడతారో, ఎప్పుడు పాడతారో, ఎవరు పాడకూడదో అన్నీ కలిపి చదివే శాస్త్రం. ఆ మాట కొట్టగానే తెర నిండా యూనివర్సిటీలే. నాకు సంతోషం కంటే ముందు కంగారు పుట్టింది, ఇంత ఎప్పుడు చదవాలని. ఆవిడ మాత్రం నిమ్మళంగా చెప్పింది. దొరికిన ప్రతిదీ చదవొద్దు. ఒక మంచి వ్యాసం పట్టుకుని దాని చివర ఉన్న పుస్తకాల జాబితా చూడు, తీగ లాగితే డొంక కదులుతుంది. మ్యూజియాల పేర్ల పక్కన సౌండ్ ఆర్కైవ్, అంటే శబ్ద భండారం, అని ఉంటే అక్కడ ఆగు, పాత టేపులన్నీ వాళ్లే నెట్‌లోకి ఎక్కిస్తున్నారు. డబ్బు కట్టమని వ్యాసానికి తాళం వేసి ఉంటే, రాసినవాళ్లకే ఉత్తరం రాయి. "అడిగితే పోయేదేముందండి? మహా అయితే ఇవ్వరు."

ఆవిడకేం, ఆవిడ అనేసింది. నేను ఒక్కో ఉత్తరం నాలుగుసార్లు తిరగరాసి, పంపు మీట నొక్కేదాన్ని. ఒకసారి నొక్కాక చూసుకుంటే "అయ్యా" అని సంబోధించిన మనిషి ఆడమనిషి. ఆ రోజంతా క్లాసులో పాఠం తప్పుల తడక. కానీ జవాబులు వచ్చాయి. ఒకాయన తన వ్యాసాలు మూడు పంపాడు. "అయ్యా" అనిపించుకున్నావిడ ఐరోపాలో ఒక శబ్ద భండారం చూసుకునే మనిషి. నవ్వుకున్నానని రాసి, వినమని కొన్ని పాటల దారి చూపించింది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. మంగోలియాలో ఒకామె, పుట్టిన పిల్లను దగ్గరికి రానివ్వని తల్లిగొర్రె ముందు కూర్చుని, ఒకే మాటను మళ్లీమళ్లీ తిప్పి పాడుతోంది. మా పెద్దనాయన సరిగ్గా ఇదే చేసేవాడు. పిల్లను తన్నేసే గొర్రె మెడ మీద చెయ్యి వేసి, అది మెత్తబడేదాకా గొణిగేవాడు. అది పాట అని నాకు ఏనాడూ తోచక, రాసుకోనేలేదు. ఆ ప్లైవుడ్ గదిలో ఏడుపొచ్చింది నాకు. మావాళ్లకు లోకంలో చుట్టాలున్నారని మొదటిసారి తెలిసినట్టనిపించింది.

అయితే అక్కడ వినడానికి నిమిషం ముక్కలే ఉంచారు. మొత్తం కావాలంటే మనమూ ఒక పాట ఇచ్చి సభ్యులం కావాలి. నా దగ్గర పెద్దనాయన పాట ఉంది. అంతకుముందు వేసవిలో ఆత్మకూరులో, గొర్ల దొడ్డి పక్కన కూర్చోబెట్టి పాడించుకున్నది. దేవుడిని రమ్మనే పిలుపు పాట, అయిపోయాక వెళ్లి రమ్మనే సాగనంపు పాట. రెండూ కలిపే పాడతానని ఆయన ముందే షరతు పెట్టాడు.

"పిలిచినంక సాగనంపాలె బిడ్డా. సుట్టాన్ని పిలిచి గడపల నిలబెడ్తమా?"

మధ్యలో నా రికార్డర్ సెల్లులు అయిపోతే, కొత్తవి తెచ్చేదాకా కదలకుండా కూర్చుని, సాగనంపు చివరి మాట వరకు పాడిగాని లేవలేదు.

ఆ షరతు నాకు బాగా తెలుసు. నా థీసిస్‌లో దాని మీద రెండు పేజీలు రాశాను కూడా. అయినా ఏం చేశానంటే, పిలుపు ఒక్కటే కత్తిరించి పంపాను. పెద్ద ఫైలు పోదన్నది ఒక సాకు. అసలు సంగతి వేరు. సాగనంపుకు వచ్చేసరికి పెద్దనాయన అలిసిపోయాడు, గొంతు జీరపోయింది, రెండుసార్లు దగ్గాడు, వెనక గొర్రెలు అరిచాయి. అంత పెద్ద భండారంలో, అందరూ వినేచోట, అలా ఉంటే నా పరువు పోతుందనుకున్నాను. మాసిన బట్టలతో వచ్చిన సొంత మనిషిని నలుగురిలో దాచిపెట్టినట్టు దాచాను.

పాట ఎక్కింది. దాని కింద ఆత్మకూరు అని ఊరి పేరు, ఆయన పేరు, సేకర్తగా నా పేరు. ఇంకా కింద ఎన్నిసార్లు చివరిదాకా విన్నారో చూపే అంకె. సంబరంగా ఊరికి వెళ్లి చెప్పాను. పెద్దనాయన తలపాగా సర్దుకుంటూ అంతా విని ఒక్కటే అడిగాడు.

"సాగనంపు గూడ పెట్టినవా?"

"పెట్టిన పెద్దనాయినా."

అడిగిన వెంటనే వచ్చేసింది ఆ అబద్ధం. ఆయన తల ఊపి గొర్ల దగ్గరికి వెళ్లాడు. నన్ను నమ్మాడు.

ఆనాటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. నెట్ సెంటర్‌లో కూర్చోగానే ముందు ఆ అంకె చూసేదాన్ని. ఏడు. పదకొండు. పంతొమ్మిది. ఎక్కడో ఎవరో మీట నొక్కి మా దేవుడిని పిలిచి, పిలిచినవాళ్లు కాఫీ తాగడానికి లేచిపోతున్నారు. చదువుకున్నదాన్ని, ఇవన్నీ నమ్మనని క్లాసులో పిల్లలకు చెప్పేదాన్ని. నమ్మనిదానికి ఆ అంకె రోజూ ఎందుకు చూసుకోవాలి?

ఆ వానాకాలం పెద్దనాయన గొంతు బొంగురుపోయింది. తగ్గలేదు. సూర్యాపేట దవాఖానలో చూసి హైదరాబాదు పంపారు. గొంతు క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ అయింది. బతికాడు గానీ గొంతు పోయింది. గుసగుస మిగిలింది. బీడీల వల్లే వచ్చిందని డాక్టరు చెప్పాడు, అది నిజమే. నేను మాత్రం బస్సులో ఆ అంకెనే తలుచుకుంటూ ఉన్నాను. ఇరవై ఆరు.

సాగనంపు ముక్క వెంటనే పంపేద్దామని, ఆ రికార్డింగు దాచిన పెన్‌డ్రైవ్ తీశాను. ఖాళీ. వైరస్ పట్టిందని మిర్యాలగూడలో దాన్ని తుడిపించింది నేనే. థీసిస్ అధ్యాయాలు వేరేచోట ఉన్నాయి కాబట్టి ఏం పోయిందో చూసుకోనే లేదు. రికార్డర్‌లో దాని మీద వేరేవాళ్ల మాటలు ఎక్కించేశాను. అంటే ఆయన పాడిన సాగనంపు లోకంలో ఎక్కడా లేదు. ఇక ఆయన పాడలేడు.

భండారం ఆవిడకు ఉన్నదున్నట్టు రాశాను. రెండు వారాలకు జవాబు వచ్చింది: తీసెయ్యమంటే తీసేస్తాం, చేర్చమంటే చేరుస్తాం, ఏది ధర్మమో పాడినాయనను అడిగి చెప్పండి అని. తప్పించుకోవడానికి దారి లేదు. అవి తెలంగాణ ఉద్యమపు బందుల రోజులు. బస్సులు ఆగిపోయిన ప్రతిరోజూ, ఛీ, నాలోపల కాస్త హాయిగా ఉండేది, ఇవ్వాళ వెళ్లక్కర్లేదని. బస్సులు నడిచిన రోజు వెళ్లాను.

దొడ్డి దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెప్పేశాను. అబద్ధమాడిన సంగతి ముందు చెప్పాను, కత్తిరించిన సంగతి తర్వాత చెప్పాను. ఆయన గొర్ల వైపే చూస్తూ గుసగుసగా అడిగాడు.

"ఎందుకు కోసినవ్ బిడ్డా?"

"నువ్వు దగ్గినవ్ పెద్దనాయినా. మంచిగ రాలేదని."

ఆయన మంచం కింది గడ్డిపోచ ఏరి దొడ్డిలోకి విసిరాడు. తిట్టినా బాగుండేది.

"తీసెయ్యమంటే తీసేస్తరంట" అన్నాను.

"తీసేస్తే? వచ్చినోడు వచ్చే ఉండె గద. ఏడికి పోతడు?" గాలి పీల్చుకోవడానికి ఆగాడు. "నాకు గొంతు లేదు. నువ్వు పిలిచినవ్, నువ్వే సాగనంపు."

"ఆడోళ్లు పాడొద్దంటరు గద."

"ఆడోళ్లు పిలవొద్దని గూడ అంటరు. పిలిచినవ్ గద."

మాటలు నాకు కంఠస్థమే, ముప్పైసార్లు విని రాసుకున్నవి. వరస మాత్రం కాగితం మీద ఉండదు కదా. మంచం పట్టె మీద ఆయన అరచేత్తో తాళం వేస్తుంటే మొదలుపెట్టాను. తప్పిన ప్రతిచోటా చెయ్యెత్తి ఆపాడు. మళ్లీ మొదటి నుంచి. నాలుగోసారికి చివరిదాకా వెళ్లనిచ్చాడు. నా గొంతు వణికింది, ఒకచోట శ్రుతి పూర్తిగా జారింది. గొర్రెలు అరిచాయి. రికార్డర్ ఆపి ఆయన ముఖంలోకి చూశాను.

"గొర్లు బెదురుతయ్ గని" అన్నాడు, "దేవుడు పోతడు తియ్."

మర్నాడు కోదాడలో పంపేశాను. ఈసారి ఏమీ కత్తిరించలేదు. వారంలో పిలుపు కిందనే సాగనంపు వచ్చి చేరింది. థీసిస్ చివరి గడువుకు నాలుగు రోజుల ముందు ఇచ్చాను. పట్టా వచ్చింది. కాంట్రాక్టు కాంట్రాక్టుగానే ఉంది. పెద్దనాయన రెండు వేల పదమూడు ఎండాకాలంలో పోయాడు.

ఇప్పుడు ఇంట్లోనే నెట్ ఉంది. ఇప్పటికీ ఆ పేజీ తెరిస్తే ముందు అంకెలే చూస్తాను. పిలుపు కింద అంకె ఎప్పుడూ పెద్దది. వినేవాళ్లను ఏమనగలం, ఆయన పాట విని, నా పాట రెండు వాక్యాలకే ఆపేసి ఉంటారు. ఎంత తేడా ఉంటే అన్నిసార్లు కూర్చుని నా పాట నేనే చివరిదాకా మోగిస్తాను. మా ఆయన అవతలి గదిలోంచి "మళ్లీ మొదలైందా?" అంటాడు. ఆ శ్రుతి జారేచోట ప్రతిసారీ సిగ్గేస్తుంది. అయినా రెండు అంకెలూ సమానమయ్యేదాకా లేవను.

పిలుపు మాత్రం నేను ఎక్కువగా పెట్టను. పెద్దనాయన గొంతు ఇంకెక్కడా లేదు, వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. కానీ ఒక్కసారి విన్నానంటే, వెంటనే నా నోటితో ఆయనను సాగనంపాలి.