కోటిరత్నం పిలిచిన తీరు

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో, రేకుల నీడలో ముప్పై ఎనిమిదేళ్లు రాయి చీల్చిన లక్ష్మీనరసయ్య డెబ్భై ఒకటో ఏట పుస్తకం మొదలుపెట్టాడు. ఉలి పట్టి పట్టి వంకరపోయిన వేళ్లు పెన్ను మీద నిలవవు. అందుకని రోజూ పొద్దున ఫోన్ ఎదురుగా పెట్టుకుని చెప్పేవాడు. అది విని అక్షరాలు చేసేది.

పిల్లలు లేరు. భార్య కోటిరత్నం పోయి రెండేళ్లు. ఆ ఇంట్లో మళ్లీ మాట పుట్టింది ఈ పొద్దుటి పూటల్లోనే. తన మాటలు తెల్లటి తెర మీద నల్లగా తేలి వస్తుంటే ఎవరో తలూపుతూ వింటున్నట్టుండేది ఆయనకు. ఆగితే అదీ ఆగేది. దగ్గితే ఏమీ రాసేది కాదు. గోడ మీద ఎండ జరిగేది, ఆయన కథ జరిగేది.

ఈ దారి చూపించింది రూబీ. బస్టాండు ఎదురుగా డీటీపీ సెంటర్ నడుపుతుంది, నలభై దాటిన మనిషి. ప్రతి శనివారం ఆయన చెప్పినదంతా కంప్యూటర్లోకి ఎక్కించి, ఏఐతో తప్పులు దిద్దించి, అధ్యాయాలుగా విడగొట్టేది. అట్ట మీద, ఫ్యాక్టరీలో ఆయన పక్కనే పనిచేస్తున్న కోటిరత్నం బొమ్మ కూడా దానితోనే వేయించింది.

"ఇదేంది రూబీ, మీ పెద్దమ్మకు ఇనప టోపీ పెట్టినావు?"

"నేను కాదు పెదనాయనా, అదే పెట్టింది. ఫ్యాక్టరీ అంటే దానికి టోపీయే తెలుసు."

"తలకు కొంగు చుట్టుకునేదని చెప్పు దానికి. టోపీ పెట్టుకుంటే నేనే భయపడేవాణ్ని."

నాలుగోసారికి కొంగు వచ్చింది. అన్ని అధ్యాయాలూ అయిపోయాయి, ఒక్కటి తప్ప. కోటిరత్నం ఆఖరి రోజు. ఆ పుస్తకం మొదలుపెట్టిందే ఆ ఒక్క రోజు కోసం. తీరా దాని దగ్గరికొచ్చేసరికి పదకొండు పొద్దులు ఫోన్ ముందు ఊరికే కూర్చున్నాడు. చివరికి ఇంతే చెప్పాడు: "ఒంగోలు ఆసుపత్రిలో ఆఖరి రోజు ఆమె నన్ను పిలిచింది. ఇంక నా వల్ల కాదు. మిగతాది నువ్వే రాయి."

రూబీ ఆ మాటల్ని ఉన్నదున్నట్టు ఏఐకి ఇచ్చింది. ఆ శనివారం వచ్చినదాన్ని ఆయనకు పైకి చదివింది.

"'లక్ష్మీనరసయ్యా, ఇలా రా. నీతో బతికిన బతుకు నాకు చాలు. నువ్వు దిగులు పడకు' అంటూ ఆమె నా చేయి పట్టుకుంది."

"మళ్లీ చదువు" అన్నాడు.

చదివింది. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాడు.

నలభై మూడేళ్ల కాపురంలో కోటిరత్నం ఆయన పేరు ఒక్కసారి కూడా పలకలేదు. ఓటరు లిస్టు రాసుకునే మనిషి భర్త పేరడిగితే, పక్కింటామెతో చెప్పించేది. ఫ్యాక్టరీలో ఆయన్ని పిలవాలంటే పలక ముక్క మీద చిన్న రాయితో రెండుసార్లు కొట్టేది. పగుల్లేని పలక గంటలా మోగుతుంది. అన్ని ఉలుల రొదలోనూ ఆ రెండు దెబ్బలు ఆయనకు విడిగా వినిపించేవి. ఇంట్లో అయితే చెంబు మీద ఉంగరంతో.

ఇదంతా ఆయన ఫోన్‌కు చెప్పలేదు. పిలిచింది అన్నాడు, అంతే. భార్య మొగుణ్ని ఎలా పిలుస్తుందో ఒకరికి విడమరిచి చెప్పాల్సి వస్తుందని ఆయనకు తోచనే లేదు.

"రేపు ఫైలు ప్రెస్సుకు పోవాల పెదనాయనా. ఆ పేరొక్కటి తీసేద్దాం. పెద్దమ్మ అనదు కదా. మా అమ్మే అనదు."

"పేరు తీస్తే, మాటలుండాయి కదా. అవీ అనలా."

"మరేమన్నది?"

దుకాణం బయట గిద్దలూరు బస్సు జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. అది రేపిన దుమ్ము అణిగాక ఆయన చెప్పాడు.

"ఏమీ అనలా. నేను వరండాలో టీ తాగతా ఉండినా. లోపల మంచం కమ్మీ మీద రెండు దెబ్బలు ఇనపడినాయి. పిలస్తా ఉందని తెలుసు. నీళ్లకేలే, గ్లాసు అయిపోయినాక పోదామనుకున్నా. పోయేసరికి లేదు."

రూబీ కీబోర్డు పక్కకు జరిపింది. మెల్లగా అంది: "ఇది ఎవరడిగినారు పెదనాయనా నిన్ను? అది రాసిందే ఉండనీ. నిన్ను మంచోణ్ని చేసింది."

"చేసింది. అందుకే మూడుసార్లు చదివిచ్చుకున్నా." ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇంకోసారి ఇంటే, అట్లనే జరిగిందని నేనే నమ్ముతా. అప్పుడు ఆమె పిలిచిన పిలుపు ఎవరి దగ్గరుంటది? కొట్టేయమ్మా. ఫోన్ ఇట్ల పెట్టు."

రూబీ ఫోన్ ఆయన ముందు పెట్టింది. ఆయన చెప్పాడు. వరండా, టీ గ్లాసు, అందులో మిగిలిన రెండు గుక్కలు. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పిలుపు దగ్గరికి వచ్చేసరికి నోరు ఆపాడు. కాగితాలు ఎగరకుండా రూబీ పెట్టుకున్న పలక ముక్కను ఎత్తి పట్టుకుని, తాళంచెవితో రెండుసార్లు కొట్టాడు.

మంచి రాయి. మోగింది. తెర మీద గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏ అక్షరమూ రాలేదు.

"ఇది ఏమీ రాయలేదు పెదనాయనా. ఠంగ్ ఠంగ్ అని నేను కొట్టేదా?"

"వద్దు. అంత చోటు వదిలిపెట్టు."

రూబీ రెండు వరుసలు ఖాళీగా వదిలి, కింద ఆయన చివరి వాక్యం చేర్చింది: "నేను ఆలస్యంగా లేచాను." తప్పులేమైనా ఉన్నాయేమోనని ఆఖరిసారి ఏఐకి చూపించింది. తప్పుల్లేవంది. మధ్యలో రెండు ఖాళీ వరుసలున్నాయి, తీసేయమంటారా అని అడిగింది.

రూబీ ఆయన వైపు తిరిగింది. ఆయన అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు, ఎవరో పిలిచినట్టు.