మణెమ్మ కన్ను నేర్చిన గడ్డి

మొగుడంపల్లి అవతల ఎర్రమట్టి చేలల్లో కలుపు తీయాలంటే మణెమ్మ ముందు, మిగతా ఆడోళ్ళు వెనక. ముప్పై ఐదేళ్ళుగా అదే వరస. సాలు వెంట కూర్చుని జరుగుతుంటే ఆమె చేతులు వాటంతట అవే పనిచేసేవి, నోరు ఊరి ముచ్చట్లలో ఉండేది. ఒక మొక్కను రెండోసారి చూసిన పాపాన పోలేదు. "అది కన్ను గాదే, జల్లెడ" అని పెనిమిటి ఇస్సాకు ఎకసెక్కమాడితే పైకి కసిరేది గానీ లోపల మురిసిపోయేది.

మురవాల్సిందే మరి. చుట్టుపక్కల అందరూ చెరుకుకీ అల్లానికీ మళ్ళాక, ఆ ఊళ్ళో పాత కొర్ర విత్తనం మిగిలింది ఆమె బుట్టలోనే. అత్త బస్వమ్మ పోతూ పోతూ అప్పగించిన విత్తనం అది. పేడతో అలికిన బుట్టలో బూడిదా వేపాకూ కలిపి, బాలింతను కాచినట్టు కాచుకుంది. పోయినేడు కోత పండుగకు ఆమె తెచ్చిన కంకులు చర్చిలో చూసి, మాకూ కావాలంటే మాకూ కావాలని నలభై ఇళ్ళవాళ్ళు వెంటపడ్డారు. వచ్చే పంట చేతికి రాగానే అందరికీ ఇస్తానని అక్కడే, అందరి ముందూ మాటిచ్చింది. మణెమ్మ మాటంటే మాటే.

ఇక కొర్రలో ఒక గడ్డి వస్తుంది. చూడ్డానికి కొర్ర తోడబుట్టినదానిలాగే ఉంటుంది గానీ గింజ పండీ పండకముందే నేలపాలవుతుంది. ఊళ్ళో దాన్ని దొంగకొర్ర అంటారు. బస్వమ్మ కోడలికి నేర్పిన గురుతు ఒక్కటే, దాని మొదలు ఎర్రగా ఉంటుందని. ఆ గురుతు పట్టుకుని మణెమ్మ ఏళ్ళ తరబడి పీకింది. ఒక ఏడు చూస్తే చేలో ఎర్ర మొదలున్నవి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. పీడ వదిలిందని సంబరపడింది. కోతనాడు చూస్తే సాళ్ళ నిండా గింజలు రాలి ఉన్నాయి.

సరేనని ఇంకో గురుతు వెతికింది. దొంగదానికి ఆకు మొదట్లో సన్నటి నూగు ఉంటుంది. "గీ నూగున్నదాన్ని ఇడిసిపెట్టకుండ్రి" అని ఆడోళ్ళందరికీ గట్టిగా చెప్పింది. కొన్నేళ్ళకు ఆ నూగూ పోయింది. దొంగది నేలమీద పరుచుకుంటుంది, కొర్ర నిటారుగా లేస్తుంది అని మూడో గురుతు పట్టింది. ఇంకొన్నేళ్ళకు దొంగది కూడా నిటారుగా లేవడం మొదలుపెట్టింది.

అప్పుడు మణెమ్మకు భయం పట్టుకుంది. తాను గురుతు చెప్పడమేంది, అది ఆ గురుతు దాచుకోవడమేంది? చెప్పిన మాట చెవిన పడితేనే కదా ఎవరైనా జాగ్రత్త పడేది. ఇంక ఆగలేదు. చేలో ఎవరూ నోరు విప్పొద్దని కట్టడి పెట్టింది. గురుతులేమైనా ఉంటే ఇంట్లో, తలుపు మూసి చెప్పేది. ఏడుగురు ఆడోళ్ళు పట్టపగలు మాటా పాటా లేకుండా సాలు వెంట జరుగుతుంటే, దారిన పోయేవాళ్ళు ఎవరో చచ్చిపోయారనుకునేవాళ్ళు. వినడానికి నవ్వులాటే గానీ, ఆ చేలో కూర్చున్నవాళ్ళకు నవ్వు రాలేదు. ఆకు కదలని ఎండలో మొక్కలన్నీ ఒకే ఎత్తున, ఒకే రంగున నిలబడి, కిందికి వంగిన తలలవైపే చూస్తున్నట్టుండేవి.

మాటలు ఆపినా ఒరిగిందేమీ లేదు. ఏటా గింజ రాలుతూనే ఉంది గానీ, పోయినేడు కోతకు మాత్రం రాలనే లేదు. దొంగది పోయిందని ఇస్సాకు అన్నాడు. మణెమ్మ నమ్మలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకే ఈ ఏడు ఏ మొక్కలో కాస్త తేడా కనిపించినా దయ తలచకుండా పీకి గట్టుమీద పారేయించింది.

మొదటి కలుపప్పుడు హైదరాబాద్ నుంచి వర్షిత అనే పిల్ల వచ్చింది. మొక్కలు తరతరానికీ ఎట్లా మారతాయో చదువుతోందట. మణెమ్మ గోడు విని ఊరికే నవ్వేసి పోలేదు. సాలులో నిలబెట్టిన మొక్కల ఆకులు నలభై, గట్టుమీద పారేసినవాటివి నలభై, వేరువేరుగా సంచుల్లో వేసుకుని పరీక్షకు పట్టుకెళ్ళింది. రెండో కలుపు తీస్తున్న రోజు మళ్ళీ వచ్చింది. వచ్చిందే గానీ చేలోకి దిగకుండా గట్టుమీదే నిలబడిపోయింది.

"అమ్మా, జర ఇటు రా."

మణెమ్మ చేతులు దులుపుకుని వెళ్ళింది. "దొంగది ఉన్నదా, పోయిందా? జెప్పు."

"ఉన్నది. సాలుల నువ్వు నిలబెట్టినవాటిల చానమట్టుకు అదే."

మణెమ్మ సాళ్ళవైపు తిరిగి చూసింది.

"గట్టుమీద పారేసినవాటిల..." వర్షిత గొంతు తగ్గించింది. "సగానికంటె ఎక్కువ కొర్రనే. మీ అత్త కొర్ర."

మణెమ్మ గట్టుమీద కూర్చుని, పడి ఉన్న ఒక మొక్కను చేతిలోకి తీసుకుంది. "నా చేతులతోని నేనే పీకిన్నా?"

"అది నీ మాట ఇనలేదమ్మా. దానికి చెవులు లేవు. నువ్వు గురుతుపట్టినదల్లా పీకినవు, నీ కంటికి దొరకనిది బతికింది. దాని గింజలే మళ్ళ మొలిసినయి. కోతదాక రాలకుండ నిలిసిన దాని గింజ నీ విత్తనం బుట్టలకు సుత చేరింది. ఏటేటా గట్లనే. నువ్వు ఎంత బాగ ఏరితే అది అంత బాగ కొర్ర లెక్కయింది. పాతకొర్ర అన్నీ ఒక్కతీరుగ ఉండవు, కొన్నిటికి మొదలు ఎర్రగుంటది, కొన్నిటికి నూగుంటది. నీ కంట్ల కొర్ర బొమ్మ ఒకటున్నది. గడ్డి ఆ బొమ్మ తీరుగ వచ్చింది. కొర్రకు ఆ బొమ్మ సంగతి తెల్వదు గద."

కంచే చేను మేసినట్టయింది మణెమ్మ బతుకు. ఆమె పనితనమే ఆ గడ్డికి పాలిచ్చి పెంచింది. ఆమె బద్ధకస్తురాలైతే బస్వమ్మ విత్తనం బతికి ఉండేది.

"ఇంత కొద్ది ఏండ్లల్నే ఎట్లయింది బిడ్డా?"

"అదే ఎవ్వరికి తెల్వదు. వరిల ఊదగడ్డి వరి లెక్క అయ్యేటందుకు వందల ఏండ్లు పట్టిందంటరు. ఈడ ఇంత జల్ది ఎట్ల? కొర్రతోని కలిసి దాని రూపు తీసుకున్నదా, తనంతట తనే మారిందా? మా సారుకు సుత అంతుపట్టలే."

సాళ్ళలో ఏడుగురు ఆడోళ్ళూ మౌనంగా పీకుతూనే ఉన్నారు. మణెమ్మ లేచి, "ఆపుండ్రి!" అని అరిచింది. చేలో మనిషి గొంతు విని ఎన్నేళ్ళయిందో, అందరూ ఉలిక్కిపడ్డారు.

అప్పుడే పీకిన మొక్కలు గట్టుమీద వాడిపోకుండా ఉన్నాయి. వాటిని ఒళ్ళో వేసుకుని గట్టు పక్కన ఖాళీ జాగాలో గుంతలు తవ్వడం మొదలుపెట్టింది. నలభై ఇళ్ళకు ఇవ్వాల్సిన విత్తనం ఇంక వీటిలోంచే రావాలి. పీకిన కలుపును తెచ్చి నాటుతుంటే మణెమ్మకు మతి తప్పిందని ఆడోళ్ళు గుసగుసలాడారు. వర్షిత మాత్రం చెంబుతో నీళ్ళు పోస్తూ వెంట నడిచింది. సాయంత్రానికి రెండు సాళ్ళు నిండాయి.

మూడో సాలు మొదట్లో ఒక మొక్క చేతిలో పట్టుకుని మణెమ్మ ఆగిపోయింది. మొదలు ఎర్రగా ఉంది. ఆకు మొదట్లో నూగు ఉంది. బస్వమ్మ చూపించిన దొంగకొర్ర అచ్చం ఇలాగే ఉండేది.

"బిడ్డా, ఇగ మీదట నేను పారేసినయే దాసుకుంట గద."

"అవునమ్మా."

"గట్లయితే రేపటికెల్లి పారేసేతీరుగ ఉన్న దొంగదే బతుకుతది."

వర్షిత నవ్వబోయి ఆగిపోయింది. చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి. మణెమ్మ ఆ మొక్కను గుంతలో పెట్టలేదు, పారేయనూ లేదు. పొద్దు వాలేదాకా దాన్ని అట్లాగే పట్టుకుని కూర్చుంది.