చల్లబడ్డ పాదం

నౌపడ ఉప్పుమడుల దగ్గర తవిటమ్మకు నీళ్లు దోసిట్లో పోసేవాళ్లు, అదీ ఎత్తునుంచి. కుండ ముట్టనిచ్చేవాళ్లు కారు. ఆమె కుడికాలి బొటనవేలి పుండు ఎన్నాళ్లకూ మానకపోయేసరికి, మేస్త్రీ ఎల్లాజీ పెద్దరోగమని, అంటే కుష్ఠని తేల్చేశాడు. ఆ మాట అనడానికి చదువక్కర్లేదు, నోరుంటే చాలు. తవిటమ్మ గట్టున విడిగా కూర్చుని గంజి తాగేది. కాలు నిలబడితేనే ఉప్పు లాగగలదు, ఉప్పు లాగితేనే పిల్లలకు గంజి.

"ఉప్పు తినీసినాదే నీ కాలుని. ఉప్పుతోనే కాపు," అంది పక్కింటి గున్నమ్మ.

ఉప్పు చేసిన పుండుకు ఉప్పే మందని అక్కడివాళ్ల నమ్మకం. తవిటమ్మ ఉప్పు వేయించి, మూటగట్టి రోజూ కాపడం పెట్టుకుంది. పాదం తడి ఇసకలా చల్లగా ఉండేది. మూట ఎంత వేడిదో తెలిసేది కాదు. బొబ్బలెక్కాయి. వేళ్లు నల్లబడ్డాయి.

అప్పుడు మొగుడు లక్ష్ముడు ఆమెను రైలెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అరవై ఎనిమిదో సంవత్సరం వేసవి అది. డాక్టరు అనంతపద్మనాభం ఆమె పాదం మీద వేళ్లు ఆనించి నాడి వెతికాడు. తర్వాత లక్ష్ముడి పాదం పట్టి చూశాడు.

"నీకు నాడి కొట్టుకుంటోంది. ఆమెకు లేదు. ఇది పెద్దరోగం కాదయ్యా, రక్తనాళాలు మూసుకుపోయాయి. చుట్టలు కాల్చే మగవాళ్లకు వస్తుంది. ఆడమనిషిలో చూడటం నాకిదే మొదలు. ఏమ్మా, చుట్ట కాలుస్తావా?"

పరాయి మగాడి ముందు ఎలా ఒప్పుకుంటుంది? తల అడ్డంగా ఊపింది. డాక్టరు నోరు తెరిపించాడు. అంగిలి తెల్లగా మందమెక్కి, మధ్యలో కమిలిన మచ్చలు.

"ఇదేమిటి?"

"అడ్డపొగ బాబూ," లక్ష్ముడు నవ్వాడు. "సుట్ట నిప్పున్న కొస నోట్లోకెట్టి పీలుస్తారు మా ఆడోళ్లు. మడికాడ గాలికి ఆరదు కదా!"

"నీ నోరు పడిపోను! ఊరందరికీ సెప్పు!" తవిటమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీ కాలిని తింటున్నది ఆ చుట్టేనమ్మా, ఉప్పు కాదు."

"నోట్లో ఎట్టింది కాలికెలా పోతాది బాబూ?"

"రక్తంలో కలిసి."

"కాలు ఉంటాదా?"

డాక్టరు ఆమె నడుం దగ్గర నరం కోసి, నాళాలు సడలి రక్తం పారేట్టు చేయాలని చూశాడు. కాపడానికి కాలిన మాంసం అప్పటికే కుళ్లింది. చివరకు కాలు మోకాలి కింద తీసేశారు. చుట్ట మానకపోతే రెండో కాలూ అంతేనన్నాడు.

ఊళ్లో ఎల్లాజీ, "సూసారా, పెద్దరోగం కాబట్టే కాలు తీసీసారు," అన్నాడు. కుండ దూరంగానే ఉండిపోయింది.

తవిటమ్మ ఇప్పుడు గుమ్మంలో కూర్చుంటుంది. నోట్లో వెలిగించని చుట్ట. డాక్టరు నేర్పినట్టు ఎడమపాదం మీద వేళ్లు ఆనించి నాడి వెతుక్కుంటుంది. "ఉన్నాది," అనుకుంటుంది. మళ్లీ కాసేపటికి వెతుక్కుంటుంది.

మీ ఊళ్లో మానని పుండుతో, చల్లబడిన పాదంతో ఎవరైనా ఉంటే కాపడం పెట్టనివ్వకండి. ఆడమనిషైనా సరే, చుట్ట సంగతి అడగండి, మాన్పించండి. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెద్దరోగమే అయినా సరే, దాహమన్న మనిషికి కుండ అందివ్వండి.