గంట ప్రయాణం, గంటన్నర రాహుకాలం

దూరాన్ని మైళ్ళలో కొలిచిన జ్ఞాపకం నాకు లేదు. ఎన్ని పూటల తిండి మూట కట్టుకోవాలో, దాన్నిబట్టే ఊరు దగ్గరో దూరమో తేలేది ఆ రోజుల్లో. మద్రాసంటే రైల్లో రెండు పూటల పులిహోర. (ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, అంతకు మించిన లెక్క నాకు అవసరం పడలేదు.) అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కంపెనీకి దుస్తులు కుట్టేదాన్ని. పెళ్ళి సీనులో హీరోయిన్ కట్టుకోవాల్సిన చీరకి పదిరోజులు కూర్చుని జరీ అంచు కుట్టాను. షూటింగేమో మద్రాసులో. ముందే వెళ్ళిన మా కుట్టుపని మాస్టారు ఫోను చేసి, "శుక్రవారం మధ్యాహ్నం రెండింటికల్లా చీర ఇక్కడుండాలి. విమానంలో నువ్వే పట్టుకురా, గంటే ప్రయాణం. ఆలస్యమైతే ఇక పనిలోకి రానక్కర్లేదు" అన్నారు.

విమానం పదీ నలభైకి. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. రైలైతే రాత్రంతా నడుస్తుంది, రాహుకాలం ఏ మూలనో వచ్చి పోతుంది. ఈ విమానం ఎగరడం, దిగడం అన్నీ రాహుకాలం కడుపులోనే! అందుకని మా అమ్మ నేర్పినట్టు ప్రస్థానం పెట్టాను. అంటే మంచి వేళ చూసి మన సామాను ఒకటి ముందే ఇంకొకరింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. పాత తువ్వాలైనా చాలు. (నాకున్నది ఒకటే తువ్వాలు, అది దారిలో కావాలి.) దాంతో ఆ చీర మూటే తీసుకెళ్ళి, రహమత్ నగర్‌లో మా ఎదురింటి అక్క చేతిలో పెట్టాను, పొద్దున్నే ఆరింటికి.

తొమ్మిదింటికి కంపెనీ కారొచ్చింది. ఎదురింటికి తాళం!

"ఏందమ్మా, విమానమేమన్న సిటీ బస్సా, చెయ్యెత్తితె ఆగనీకి?" అని డ్రైవరన్న హారన్ మీద హారన్. శుక్రవారాలు అక్క వెంగళరావు నగర్‌లో చెల్లెలింటికి పోతుందని అప్పుడు గుర్తొచ్చింది. అటు పోనిమ్మన్నాను. తాళంచెవి అడగాలి, వెనక్కి రావాలి, తలుపు తియ్యాలి...

చెల్లెలింటి గడపలో అక్క చాయ్ తాగుతోంది. పక్కనే నా మూట!

"అక్కా, ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"ప్రస్థానం అంటివి గద! నా ఇంట్ల వెడితె ఎంత దూరం పోయినట్టు? జర ముందుకు పోతె నీకే మంచిదని పట్టుకొచ్చిన. ఫికర్ చేయకు."

తిట్టడానికే నోరు తెరిచాను. ఆ మొహంలో సంతోషం చూసి, "మంచి పని చేశావక్కా" అనేసి కారెక్కాను.

రొప్పుతూ విమానాశ్రయంలోకి పరిగెత్తితే, విమానం గంటన్నర ఆలస్యమన్నారు. రాహుకాలమంతా నేల మీదే, కుర్చీలో, గడియారం చూస్తూ గడిచిపోయింది. రెండింటికి ఐదు నిమిషాలుందనగా మూట మాస్టారి చేతిలో పెట్టాను. "గంట ప్రయాణానికి ఇంత చెమటేంటమ్మా?" అన్నారు. చీర విప్పి చూసి, "అంచు బాగా కుదిరింది" అన్నారు. ఆ మాటకి ఏడుపొచ్చింది.

మొన్న జూబ్లీ హిల్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, మా మనవరాలు ఫోను చూసి, "అమ్మమ్మా, చెన్నైకి గంటా పది నిమిషాలేనట!" అంది.

"దేని మీదుగా?" అన్నాను.

"విమానానికి మీదుగా ఏంటి? తిన్నగా పోతుంది."

నేను వెళ్ళింది వెంగళరావు నగర్ మీదుగానే అని చెప్పబోయి, మూట పట్టుకుని పరిగెత్తిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల కళ్ళముందు కనిపించి, నవ్వేశాను.