ఎదురింటి గుమ్మానికి వేపమండలు

నోరు తిరగని పేరున్న కొత్త జ్వరం గురించి టీవీలో విన్నప్పటి నుంచి మా సీతమ్మధార అపార్ట్‌మెంట్‌లో అందరికీ అందరి మీదా అనుమానమే. ఈ రోజు పొద్దున్న తలుపు తీస్తే ఎదురింటి గుమ్మానికి వేపమండలు! ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తేనే కదా అలా కడతారు.

ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, దూరం నుంచే అడిగాను.

“పిన్నిగారూ, ఇంట్లో ఎవరికండీ?”

“మాకేటీ నేదు బాబూ. నిన్నట్నుంచి నువ్వు ఒకటే తుమ్ముతన్నావు కదా! అదేటో మా గుమ్మం దాటి రాకుండా నానే కట్టీసినాను.”

ఆ తుమ్ములు ఆవిడ వంటింటి మిరపకాయ పోపు వల్లేనని చెప్పేలోపే తలుపేసేశారు.

సాయంత్రానికి మా అంతస్తులో అన్ని గుమ్మాలకీ వేపమండలే, ఒక్క మా గుమ్మానికి తప్ప. నేనూ నాలుగు మండలు కట్టుకోనా, లేక కడితే రోగం ఒప్పుకున్నట్టే అవుతుందా? మీరే చెప్పండి.